నల్లరాతి లోపల

మా ఊళ్లో రాయి దొరకదు.
కుక్కని అదిలించాలన్నా మట్టిబెడ్డే.
ఎంత తవ్వినా ఒండ్రు, ఒండ్రు కింద ఇసుక,
ఇసుక కింద ఉప్పునీళ్లు.
అందుకేనేమో మా కెజియాకి రాళ్లంటే పిచ్చి.
లారీలోంచి జారిన కంకరముక్కని కూడా
కంపాస్ బాక్సులో పడుకోబెడుతుంది.

పంగిడి క్వారీలో డ్రిల్లు పట్టే మా బావమరిది ఏసోబు
రాత్రిపూట ఫోన్ చేశాడు:
"గోడలో బొక్క పడింది బావా.
లోపలంతా గొట్టంలా ఉంది. చల్లగాలొస్తంది.
ఆదివారం క్రషర్లు ఆపుతారు, రండి."

చర్చి మానేసి బయల్దేరాం.
మా అమ్మ దీనమ్మ సణిగి సణిగి,
"ప్రభువు మూడ్రోజులున్నదీ రాతిలోనేగా" అని
తనకి తనే సర్దిచెప్పుకుని
టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నిడదవోలు దాటాక
నేల మొదటిసారి మోకాలెత్తింది.

నలుగురికీ తలలైట్లున్నాయి,
రొయ్యల చెరువు మీద రాత్రుళ్లు మేత ట్రేలు చూసేవి.
ఎదురుగా నిలువుగోడ, మాడిన అట్లపెనం లాంటి నలుపు.
మనిషి వంగితే పట్టే నోరు.

"ఇదంతా ఒకప్పుడు పారిందంట," అన్నాడు ఏసోబు,
"మన గోదారిలాగే. కాకపోతే నిప్పు.
పైన మీగడ కట్టి గడ్డకట్టింది,
లోపలిది మాత్రం ఆగకుండా పోయి
ఈ ఖాళీ వదిలేసింది."
"మరి ఏ సముద్రంలో కలిసింది మావయ్యా?"
ఏసోబు తన చేతులు చూసుకున్నాడు.

అడుగున రాతిమోకులు,
ఎవరో పడవ లాగి చుట్టలు చుట్టి వదిలేసినట్టు.
పైకప్పు నుంచి రాయి
కొవ్వొత్తి కారినట్టు కారి ఆగిపోయింది.
నడిచాం, వంగాం, పాకాం.
సువార్త మోచెయ్యి గీసుకుపోయింది, చెప్పలేదు.

తర్వాత దారి సన్నబడింది.
కెజియా జారిపోయింది, ఉడుతపిల్ల.
సువార్త వెళ్లింది.
డెబ్బయ్యేళ్ల మా అమ్మ కుచ్చిళ్లు దోపుకుని
నాట్లేసేటప్పటి వంగుడే వంగి అవతలకి చేరింది.
నేను ఇరుక్కున్నాను.

నీళ్లలో మునిగి తూము తలుపు బిగించేవాణ్ణి.
రెండు నిమిషాలు ఊపిరి పట్టగలనని
ఊరంతా చెప్పుకుంటారు.
రొమ్ము మీద రాయి, వీపు కింద రాయి.
అలవాటుగా ఊపిరి పట్టాను.
రాయి ఇంకా బిగిసింది.
అరవలేదు. పిల్ల అవతల ఉంది.

ఒక లైటు వెనక్కి తిరిగి నా దాకా పాకి వచ్చి
కళ్లలో పడుతోందని ఆరిపోయింది.
గరుకు చెయ్యి నా నుదురు వెతుక్కుంది.
"వదిలెయ్యరా. పట్టుకుంటావేం?
మొత్తం వదిలెయ్."
వదిలాను.
నా ఒంట్లోంచి ఇంత గాలి పోతుందని తెలీదు.
జానెడు జారాను, మళ్లీ జానెడు.

లోపల అద్భుతం ఏమీ లేదు.
మా వంటగదంత చోటు, గచ్చులాంటి నేల.
కెజియా లైట్లన్నీ ఆర్పమంది.
చెరువులొచ్చిన పదకొండేళ్లలో
ఏరియేటర్ల చప్పుడు లేని చీకటి నాకదే మొదలు.
ఎవరం మాట్లాడలేదు.
చాలాసేపటికి డబ్బా మూత ఊడిన చప్పుడు,
రొయ్యపొట్టు వేపుడు వాసన.
"ఆమెన్" అంది అమ్మ మెల్లిగా,
అన్నం ముద్దలు చీకట్లోనే పంచింది.
నా చేతిలోది ఎవరు పెట్టారో తెలీదు,
నేనెవరికి అందించానో తెలీదు.

బయటికొచ్చాక ఏసోబు బీడీ వెలిగించి
గోడకేసి చూడకుండా చెప్పాడు:
"రేపు పదకొండింటికి బ్లాస్టింగు."

సోమవారం మేత చల్లుతూ
పదకొండింటికి చెయ్యాపాను.
అంత దూరం వినపడదని తెలుసు.
ఊపిరి పట్టానని గుర్తొచ్చి
వదిలాను.

మొన్న మా పుంత రోడ్డుకి కంకర తోలారు.
బడి నుంచొచ్చిన కెజియా సంచీ కూడా దించలేదు.
గుట్ట పక్కన గొంతుక్కూర్చుని
ఒక్కో ముక్కా బొటనవేలితో తడుముతోంది,
లోపలివైపు వంపు తిరిగింది
ఒకటైనా ఉంటుందని.